వెనక గది కంప్యూటరు

ఆ రాత్రి తనంతట తానే ఏదో దించుకుంది.
పొద్దున్నే తెర వెలిగిస్తే
క్ష విరిగి ఉంది.
కింద ష ఒత్తు ఉండాల్సిన చోట
ఖాళీ గడి, చిన్నది, నలుచదరం,
పన్ను ఊడిన చోటులా.

మూడు వందల కార్డులు.
వధువు లక్ష్మీకాంతం, వరుడు దక్షిణామూర్తి.
ఇంకే ముక్క విరిగినా సర్దుకునేదాన్నేమో.
అక్షరం అన్న మాటే రాయలేకపోతోంది.

మా పర్లాకిమిడిలో తెలుగు శుభలేఖ కావాలంటే
సరిహద్దు దాటి పాతపట్నం పోవాలి,
లేదా మా ఇంటికి రావాలి.
ముందు గదిలో మా ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తాడు.
వెనక గదిలో నేను పేర్లు కుదురుస్తాను.
ఎడమన ఒడియా, గొడుగులు పట్టుకున్న అక్షరాలు.
కుడిన మనవి, తలకట్టు వాళ్ళు.
ముహూర్తం ఒకటే. భోజనాలూ ఒకచోటే.

టుకునా వచ్చాడు, ఎదురింటి బెహెరా గారబ్బాయి,
ఒడియాలో విసుక్కుని తెలుగులో సముదాయించే రకం.
"పిన్నీ, ఈ ఫాంట్లు నాకన్నా ముసలివి.
నెట్ తగిలినప్పుడల్లా దీనికో కొత్త రోగం.
తీగ పీకేద్దామా?"
తీగ పీకితే ప్రింటరు పలకదు.
అది ముందు గదిలో, మిషన్ల మధ్య ఉంటుంది.
రెండూ ఆ రౌటరు డబ్బాలోంచే మాట్లాడుకుంటాయి.

"అయితే ఇంట్లో మాట్లాడుకోనిద్దాం,
గడప మాత్రం దాటనివ్వొద్దు" అన్నాడు.
వాడికి పదిహేడేళ్ళు.
ఆ మాట ఎంత పాతదో వాడికి తెలీదు.
నేను కాసేపు కీబోర్డు వైపు చూశాను.

తన ఫోన్లోనే రౌటరు పేజీ తెరిచాడు.
మా ఇంట్లో ఇంతమంది ఉన్నారని అప్పుడే తెలిసింది.
అత్త ఫోను, సీరియల్ మధ్యలో.
మా ఆయనది. టీవీ. ప్రింటరు.
'పింకీ' అని ఇంకొకటి.
మా ఇంట్లో పింకీ లేదు.
"మేడ మీద అద్దెకున్నోళ్ళ పిల్ల" అన్నాడు టుకునా,
చెవులు ఎర్రబడుతుంటే.

అన్నిటికీ అడుగున నాది.
పేరు కాదు, పన్నెండు అంకెలూ అక్షరాలూ,
రెండేసి చొప్పున చుక్కలు పెట్టి విడదీసినవి,
ఫ్యాక్టరీలో పుట్టినపూట రాసిన జాతకం.
"చిరునామా మారుతుంది పిన్నీ,
ఇది మారదు. దీన్ని పట్టుకోవాలి."
నేను చదివాను, వాడు కొట్టాడు.
ఎనిమిదిని బి అనుకున్నాడు. దొరకబట్టాను.
ఇరవయ్యేళ్ళుగా ప్రూఫు చూస్తున్న కళ్ళు.
మరి పింకీని ఏం చేద్దాం, అన్నాను.
"ఉండనీ పిన్నీ."
ఉండనిచ్చాం.

సేవ్.
డబ్బా మీది పచ్చ దీపాలు ఒక్కసారి ఆరి వెలిగాయి.
"ఒలమ్మ, బొమ్మ ఆగిపోనాదేటే" అని అత్త కేక.
అంతలోనే బొమ్మ కదిలింది.
వెనక గదిలో తెర మూలన మాత్రం
పసుపు త్రికోణం, అందులో ఆశ్చర్యార్థకం.
నాలుగు నెలలైంది,
దాని ఆశ్చర్యం ఇంకా తీరలేదు.

పాత సీడీ వెతికి ఫాంట్లు మళ్ళీ ఎక్కించాం.
క్షకి కాళ్ళొచ్చాయి.
ఎవరైనా కార్డు వాట్సాప్‌లో పంపమంటే
పెన్‌డ్రైవు కొంగున ముడేసుకుని
ముందు గదిలోని ఫోను దాకా నడుస్తాను,
పదకొండు అడుగులు.
మా ఆయన తలెత్తకుండా అడుగుతాడు,
"ఏ ఊరికి ప్రయాణం?"

ఒక్కటే చిక్కు.
దాని లోపలి బ్యాటరీ ఎప్పుడో చచ్చింది.
కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ
రెండువేల తొమ్మిది, జనవరి ఒకటికి వెళ్ళిపోతుంది.
ఇదివరకు నెట్ దాని చెవి పట్టుకుని
ఇవాళ్టికి లాక్కొచ్చేది.
ఇప్పుడా పని నాది.
గోడ మీది కేలండరు చూసి తేదీ,
సెల్లు చూసి గంట.

ఈ పూట ఇంకా దిద్దలేదు.
రెండువేల తొమ్మిదిలో
మా సన్నాసినాయుడు మేష్టారు
ఈ కుర్చీ పక్కనే నిలబడేవారు,
ఎర్ర పెన్సిలు చెవిన పెట్టుకుని.
ఒత్తు కుదరకపోతే
టీ కూడా తాగనిచ్చేవారు కాదు.

ఈ కార్డు అయ్యాక దిద్దుతాను.
వధువు పేరు సగంలో ఉంది.
టీ చల్లారిపోయింది.