పదిహేడో నంబరు పెట్టె

కోర్టు నేలమాళిగ తాళంచెవి నా దగ్గరుంటుంది.
పంతొమ్మిదేళ్ళుగా
కేప్ బ్రెటన్ దీవి చేసిన తప్పులన్నిటికీ
చీటీలంటించి అరల్లో సర్దుతున్నాను.

పదిహేడో పెట్టెలో ఒక చేతితొడుగు.
ఆకుపచ్చ ఉన్ని. ఎడమ చెయ్యి.
బొటనవేలి మొదట్లో ఒక కుట్టు జారింది.
ఆ జారిన కుట్టుని ఒడీల్ సాంసన్
కళ్ళు మూసుకుని తడిమి చెప్పగలదు,
అల్లింది ఆవిడే కాబట్టి.
తొడుక్కున్న పిల్ల మిరేయ్
ఫిబ్రవరిలో ఫెర్రీ రేవు దాకా వెళ్ళింది.
అంతే.

దొరికింది డూగల్ గిల్లిస్ పడవల షెడ్డులో,
లాబ్‌స్టర్ బోనుల కింద.
పట్టుకున్నది కానిస్టేబుల్ మెక్‌ఆస్కిల్.
వారంటు లేదు.
మేజిస్ట్రేటు ఇంట్లోనే ఉన్నాడు,
మెక్‌ఆస్కిల్ జేబులో ఫోనూ ఉంది.
కానీ చేతిలో గునపం ఉంది.

జడ్జిగారు తీర్పు చదవడానికి నలభై నిమిషాలు పట్టింది,
మధ్యలో రెండుసార్లు మంచినీళ్ళు తాగారు.
చట్టం దొడ్డిదారిన వస్తే
దాన్ని చట్టమని ఎలా పిలవమంటారు, అన్నారు.
జ్యూరీకి ఆ తొడుగు చూపించలేదు.
చూడనిదాని మీద పన్నెండుమంది ఏం చెప్తారు?
గిల్లిస్ ఇంటికెళ్ళాడు.

మెట్ల దగ్గర ఒడీల్ నా మోచెయ్యి పట్టుకుంది.
"తలుపు విరగ్గొడితే
లోపలున్నది లేకుండా పోతుందా?"
నేను నీళ్ళు నమిలాను.
"ఉన్ని అబద్ధమాడుతుందా, చెప్పు?"
ఆడదు.
ఆ రాత్రి, ఆ తర్వాత చాలా రాత్రులు
జడ్జిగారిని మనసులో తిట్టుకుంటూనే పడుకున్నాను.

నాకు ఇంకో తలుపు కూడా తెలుసు.
మూడు చలికాలాల కిందట, సిడ్నీ మైన్స్‌లో,
మా మేనత్త కొడుకు ఆల్ఫీది.
అదే మెక్‌ఆస్కిల్. బహుశా అదే గునపం.
మత్తు బిళ్ళలున్నాయని ఎవరో చెప్పారట.
ఉన్నవి: ఫ్రిజ్‌లో మా మేనత్త ఇన్సులిన్,
కడగని గిన్నెలు,
పక్క తడుపుకున్న ఆరేళ్ళ పిల్లాడు.
ఏమీ దొరకలేదు కాబట్టి కేసు లేదు,
కేసు లేదు కాబట్టి జడ్జీ లేడు, నలభై నిమిషాలూ లేవు.
తలుపు స్థానంలో ఆల్ఫీ కొట్టిన ప్లైవుడ్ చెక్క
ఇప్పటికీ గాలికి టపటపలాడుతుంది.
నా అరల్లో దానికి పెట్టె లేదు.
ఏదో ఒకటి బయటపడ్డ తలుపులే
ఇక్కడిదాకా వస్తాయి.

ఈ మాట ఒడీల్‌తో చెబుదామని
రెండుసార్లు వాళ్ళ వీధి దాకా వెళ్ళాను.
వరండాలో ఆవిడ ఏదో అల్లుతోంది.
ఎవరికోసమో అడిగే ధైర్యం లేక
కారు దిగలేదు.

ఏప్రిల్‌తో అప్పీలు గడువు దాటింది.
ఫారంలో ఇలా ఉంటుంది:
ఎవరి వద్ద స్వాధీనపరచుకొనిరో
వారికే తిరిగి అప్పగించవలెను.

మంగళవారం గిల్లిస్ కిటికీ దగ్గరికొచ్చాడు.
జాబితా తనే రాసుకొచ్చాడు, ముత్యాల్లాంటి అక్షరాలు:
తాడు రెండు చుట్టలు. లాంతరు. ఇంజను తాళం.
అన్నీ లెక్కచూసి సంతకం పెట్టి
వర్షం తగ్గేలా లేదు కదా, అన్నాడు.
చేతితొడుగు అడగలేదు.

అడగకపోవడం నేను చూశాను.
దాన్ని ఏ పెట్టెలో పెట్టను?
ఏ నంబరు వెయ్యను?

ఫారం నా సొరుగులోనే ఉంది,
పేరు రాయాల్సిన గీత ఖాళీగా.
పైన నా మధ్యాహ్నం రొట్టె పెట్టుకుంటున్నాను,
వెన్న మరక అంటుకుంది.