గుండీ కొలతలు

మెడ ఎనిమిదించులు.
ఛాతీ పదమూడు, ముందరి కాళ్ల ఎనక నుంచి.
టేపు పట్టుకుంటే పంజాతో కొట్టింది,
రెండోసారి కరిచింది,
మూడోసారి టేపు మీదనే పండుకున్నది.
ముప్పయ్యేండ్ల నుంచి కుడుతున్న,
గింత సతాయించిన గిరాకీ లేదు.

పిల్లగున్నప్పుడు నా డబ్బాల నుంచి
చొక్కా గుండీ మింగింది.
రెండు రోజులకు ఇసుకల దొరికింది.
అప్పటి నుంచి అదే పేరు.

పాత జాకెట్టు లైనింగు రెండు మడతలు,
పొట్ట కింద వెల్క్రో,
వీపు మీద ఇత్తడి రింగు,
రింగుకు లంగా నాడ ఆరు మూరలు.
తొడిగిన రోజు
పక్కకు ఒరిగి పడ్డది,
ఎవరో ప్రాణం తీసినట్టు.
మూతి మీద ఈగ వాలినా కదల్లే.
ఎండుచేప తల చూపిస్తే
ఒక కన్ను బతికింది.

పోయినేడు పాలమూరుకు పోయినప్పుడు
(బడిపిల్లల బట్టల కాంట్రాక్టు, ఏప్రిల్ నుంచి జులై దాక)
పక్కింటి సుగుణమ్మకు అప్పజెప్పిన.
తిండి పెట్టిందామె, అబద్ధమెందుకు.
ఇది మాత్రం నా తలుపు తాళం కింద కూసుండి
తాళానికే చెప్పుకున్నదట.
వచ్చేసరికి ఎముకల మీద బొచ్చు.
గందుకే ఈ నాడ.

నేను నడిపిస్తననుకున్న.
మాఘమాసం చలిల, పొద్దుగాల ఐదింటికి,
రామగిరి గల్లీల.
లాగితే కూసుంటది,
వదులు చేస్తే లేస్తది.
గంత చిన్న ముచ్చట నాకు ఎక్కేసరికి
పదకొండు రోజులు పట్టింది.
మోరీ కాడ ఆగుతది, నేనూ ఆగుత.
ఎవరిదో స్కూటరు టైరు వాసన చూస్తది,
నేనూ టైరు దిక్కు చూస్త.
పని లేకుండ గల్లీల నిలబడుడు
నా బతుకుల కొత్త.
"ఏడికి అండాలూ?"
"ఏడికీ లేదు."
ఆ మాట నోట్లె తియ్యగ ఉండె, జర సిగ్గుగ.

పిల్లి ఎదురొస్తే ఆగుతరు గద,
పాలపాకెట్ల పిలగాడు సైకిలు దిగిండు.
వెంకటనర్సు సారు మళ్ల ఇంట్లకు పోయి
నీళ్లు తాగి వచ్చిండు.
నాకేం కొత్త?
నేనొక్కదాన్నే ఎదురొచ్చినా
చెప్పు సర్దుకుంటున్నట్టు వంగి ఆగేటోళ్లు
తొమ్మిదేండ్ల నుంచి ఉన్నరు.
ఆటో జాంగీర్ మాత్రం అన్నడు:
"రెండు అపశకునాలు కలిసొస్తే
ఒకటికొకటి కొట్టుకపోతయి. ఎక్కు అక్కా."

ఆగిన ఆటోల మూడు రోజులు కూసున్నం.
ఇంజను మోతల ఇంకో నాలుగు.
తర్వాత గడియారం దాక, పానగల్లు దాక,
బుట్టల నా పాత చీర, చీరల ఇది,
దీని నోట్లె నా కొంగు.
బస్టాండుకు పోయి ఉత్తగనే కూసున్నం,
హారన్లు అలవాటు కావద్దా.
సుగుణమ్మ నవ్వింది:
"చంకల పిల్లిని పెట్టుకొని పెండ్లికా?"
పెండ్లికి కాదమ్మా, పనికి.

బస్సు రోజు కండక్టరు బుట్ట మూత లేపింది.
"ఇదేంది?"
"గుండీ."
"ఫుల్లా, హాఫా?"
నవ్వకుండనే అడిగి, లగేజీ కొట్టిచ్చింది.
మల్లేపల్లి దాక ఏడ్చింది, గొంతు పోయేదాక.
ముందు సీటాయన రెండుసార్లు తిరిగి చూసిండు.
దేవరకొండల కక్కింది.
చీర మార్చిన, వాసన మారలే.
ఊరు దాటి గుట్టలు దగ్గరికి రాంగ
బుట్ట అంచు మీద రెండు పంజాలు పెట్టి లేచి
కిటికీ దిక్కు చూసింది.
ఎనక్కి ఉరుకుతున్న తుమ్మచెట్లను
ఒక్కొక్కదాన్ని తలతోని సాగనంపింది.
నేను ఈ తొవ్వల ఎన్నిసార్లు పోయిన్నో,
ఎప్పుడూ నిద్రనే.

కల్వకుర్తిల పది నిమిషాలు ఆపిండ్రు.
దిగినం. అది ముందు,
ఆరు మూరల ఎనక నేను.
సంచులు మోసుకొస్తున్న ముసలాయన ఆగిండు.
దాన్ని చూసిండు, నన్ను చూసిండు,
నా నుదురు చూసిండు.
"కరుస్తదా?"
"తెలిసినోళ్లనే" అన్న.
సంచులు కింద పెట్టి చెయ్యి చాపిండు.

డ్రైవరు హారను కొట్టిండు.
గుండీ కూసున్నది.
నాడ వదులు చేసి
నేను నిలబడ్డ.