ఇతరములు

కాలువలు కట్టేసిన నెల.
లాకుల దగ్గరి బురద వాసన
మా ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ దాకా వస్తోంది.
నలభై మూడు సర్వీసు రిజిస్టర్లు.
బీరువాలోంచి ఒక్కొక్కటే దించి, చెదలు దులిపి
మనుషుల్ని కంప్యూటరులోకి దాటిస్తున్నాను,
నర్సాపురం రేవులో పంటు మీదకి బళ్ళు ఎక్కించినట్టు
బరువు ఒక పక్కకి ఒరిగిపోకుండా.

మొన్న మీటింగులో మార్పు గురించి చెప్పారు.
చెప్పిన కుర్రాడు మంచివాడే,
ఉక్కకి మూడుసార్లు మంచినీళ్ళడిగాడు.
ఎయిడెడ్ పోస్టులు ప్రభుత్వంలోకి వెళతాయట,
మిగతావాళ్ళు మిగులట.
"మిగలడమూ మిగులూ ఒకటేనా బాబూ?"
వెనక బెంచీలోంచి కెమిస్ట్రీ సూర్యప్రభ గారు.
అతను స్లైడు మార్చాడు.

గెద్దాడ ఏసుపాదం.
చేరిన తేదీ ఉంది. పుట్టుమచ్చలు రెండూ ఉన్నాయి.
ఇంక్రిమెంట్లు, ఒక సస్పెన్షను, దాని ఎత్తివేత:
వరదలో సెలవుచీటీ పంపలేదని.
హోదా, హెర్బేరియం కీపరు.
తెర మీద జాబితా కిందికి లాగాను, పైకి లాగాను.
అటెండరు ఉంది, స్వీపరు ఉంది,
రికార్డు అసిస్టెంటు కూడా ఉంది.

"లేదాండి?" అన్నాడు.
చంకలో అట్టపెట్టె. బల్ల మీద పెట్టి తెరిచాడు.
కాగితానికి తెల్లదారంతో కుట్టిన ఎండు తీగ,
మూలన తన గుండ్రటి రాత:
బొద్దులంక, పడమటి రేవు, ఏరువాక ముందు.

"ఈ లంక ఇప్పుడు లేదండి.
ఆ మరుసటేడు వరదకే కోసుకుపోయింది.
మ్యాపులోంచీ తీసేశారు.
మొక్క ఉంది కదండి."

ఇంకేం అడగలేదు.
నాలుగున్నర పంటుకి సఖినేటిపల్లి వెళ్ళిపోయాడు.

ఏరు ఇక్కడ కోసింది అక్కడ మేట వేస్తుందంటారు.
ఆ అక్కడ ఎవరి సర్వే నంబరో
నా దగ్గర ఫైలు లేదు.

జాబితా అట్టడుగున ఇతరములు అని ఒకటుంది.
నొక్కితే వేలెడు గడి తెరుచుకుంది, రిమార్కులకి.
మొదట రాసింది చెరిపేశాను.
రెండోది పట్టలేదు,
'బొద్దులంక మొక్కని ఉంచినవా' దగ్గర
గడి నిండిపోయింది.
అలాగే సేవ్ చేశాను.

కరెంటు పోయి వచ్చింది. సేవ్ అయ్యే ఉంది.

నలభై మూడోది నాది.
ఇంకా బీరువాలోంచి దించలేదు.