ఉప్పు మాట

పుట్టాసింగి సంతలో ఉప్పూ ఎండుచేపా అమ్ముకునే నన్ను
దుబాసీగా పెట్టుకున్నారు ఆ ఇద్దరూ.
రోజుకి నాలుగొందలు. భోజనం నాదే.

సోలెన్‌ది ఫ్రాన్సు, డారెల్‌ది అమెరికా.
ఇద్దరికీ కావలసింది ఒక్కటే:
సొంబారి శబర గొంతులో సవర మాట
ఎక్కడ ఠక్కున ఆగుతుందో, మళ్లీ ఎక్కడ అందుకుంటుందో.

రాత్రిళ్లు చలికి నెగడు వేసేవాళ్లం.
జీలుగు కల్లు సోలెన్‌కి పడింది, డారెల్‌కి పడలేదు.
కాసేపటికి వాళ్ల కాలేజీల గొడవ మొదలయ్యేది,
సగం ఇంగ్లీషు, సగం చేతులు.
నేను ఇంగ్లీషులో తప్పినవాణ్ని.
నెగడు దగ్గరైతే బాగానే అర్థమవుతుంది,
పరీక్ష హాల్లోనే చిక్కు.

"మా దగ్గర తలుపు తీసే ఉంటుంది," అంది సోలెన్.
"పన్నెండు గట్టెక్కితే చాలు, ఫీజు ఓ సైకిలు ఖరీదు.
ఒక్క గదిలో ఐదొందల మందిమి.
కింద ఎక్కడో పంతులు కాగితం చూసి చదువుతాడు.
మూడేళ్లలో నా పేరు ఆయనకి తెలీదు.
ఏడాది తిరిగేసరికి సగం మంది ఉండరు.
ఎవరూ వెళ్లగొట్టరు. రాలిపోతారు, అంతే."
ఇరవైకి పద్నాలుగొస్తే ఇంట్లో తీపి వండుతారట.
ఇరవైకి ఇరవై ఎవరికొస్తాయని అడిగితే నవ్వేసింది.

"మాకు గుమ్మంలోనే తూకం," అన్నాడు డారెల్.
"లోపలికెళ్లాక అంత తేలిగ్గా పడనివ్వరు.
పంతుల్ని పేరు పెట్టి పిలుస్తాం,
అర్థం కాలేదని తలుపు కొడితే
కూర్చోబెట్టి మళ్లీ చెప్తాడు.
రెండేళ్లు చేపల శాస్త్రం చదివాను,
పక్కన డోలు నేర్చుకున్నాను,
మూడో ఏడు భాషలకి మారాను."
చేపలనగానే మనిషి నాకు నచ్చాడు.
"మరి డబ్బో?" అన్నాను.
నిప్పులోకి పుల్ల తోశాడు.
"నలభై ఎనిమిదేళ్లు వచ్చేదాకా కడతాను."

నాకు రెండు సంతలు కనిపించాయి.
ఒకదానికి ఆశీలు లేదు, కావిడి మాత్రం నువ్వే మొయ్యాలి.
రెండోదాని ఆశీలుకి ఆవుని అమ్ముకోవాలి,
లోపల కావిడికి ఎవరో భుజం పడతారు.
సోలెన్ ఒప్పుకోలేదు.
వాళ్ల ఊళ్లో వెనక వీధిన ఇంకో సంత ఉందట,
సన్నటి సందు, రెండేళ్లు గానుగెద్దులా తిరిగితేగాని రానివ్వరట.
మంచి సరుకంతా అక్కడేనట.
ఆ మాటకి గొంతు తగ్గించింది.

నా చదువు గుణుపురంలో.
ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో సవర.
ఇంగ్లీషు పేపరు ఇరవై ఏడు దగ్గర ఆగి
పదకొండేళ్లుగా కదల్లేదు.
ఆ రెండిట్లో ఎక్కడైతే గట్టెక్కేవాణ్నో
మూటలు కడుతూ చాలాసార్లు లెక్కేశాను. తేలలేదు.

నేను తర్జుమా చేసినంతా విని
సొంబారి ఒక్కటే అడిగింది.
"వీళ్లకి మార్కులేసే పెద్దలకి మా మాట వచ్చా?"
రాదన్నారు ఇద్దరూ.
"మరెలా వేస్తారు?"
ముగ్గురం నెగడు వైపు చూశాం.

మూడు వారాలయ్యాక ఓ సాయంత్రం
చింతపండు పిక్క తీస్తూనే అంది సోలెన్‌తో:
"ఇప్పుడు నాలుగేళ్ల గుంటలా మాట్లాడుతున్నావు."
ఆ మాట సోలెన్ నోటుబుక్కులో రాసుకుని,
తారీకు వేసి, చుట్టూ గీత గీసుకుంది.
ఇంత మార్కు తనకెప్పుడూ రాలేదంది.
డారెల్‌ది జ్వరమొచ్చిన మూడేళ్ల గుంటడి మాటట.
దానికీ చప్పట్లు కొట్టాడు.

"మరి నాదో?" అన్నాను.
ఇరవై ఏళ్ల బేరం కదా నాది, ఆశ.
సొంబారి తలెత్తలేదు.
"నీది ఉప్పు మాట. తూకానికి సరిపోద్ది."

ఏమంది, ఏమంది అని పట్టుకున్నారు ఇద్దరూ.
పాసన్నాను.