రెండేళ్ల గింజలు

లెంతెఖి నుంచి వచ్చే దారి మళ్లీ మూసుకుంది.
స్వానేతి మంచు కిటికీ సగానికొచ్చింది.
ఇక అరలో ఉన్నదే అంగడి.

చూసుకున్నాను.
మొక్కజొన్న పిండి, అడుగున పురుగు లేదు, బతికిపోయాం.
అక్రోటు పప్పు గుడ్డసంచిలో,
ఎలుకకి అందనంత ఎత్తున.
ప్లమ్ పళ్ల తాండ్ర నాలుగు చుట్టలు.
వెల్లుల్లీ నీలిమెంతీ వేసి దంచిన ఉప్పు
మూత తీస్తే తుమ్మొచ్చింది, అంటే బాగున్నట్టే.

చిక్కుడు గింజల డబ్బా దగ్గర చెయ్యి ఆగింది.
మొన్న మా ఆడబిడ్డ త్సియూరి సర్దింది.
చోటు కలిసొస్తుందని
రెండు జాడీలూ ఒకదాంట్లోకి ఒంపేసింది.
నిరుటి గింజ గంటలో మెత్తబడుతుంది,
అంతకుముందు ఏటిదానికి పొద్దు చాలదు.
ఇక కుండకి రెండు నాలుకలు.

మంచు తోసే బండి డ్రైవరు గోచా
ముందుకీ వెనక్కీ పోలేక మా పొయ్యి దగ్గర
మేజోళ్లు ఆరబెట్టుకుంటున్నాడు,
ఆకలిని మర్యాదగా దాచుకుంటూ.
చేతికి పళ్లెం ఇచ్చాను. ఇద్దరం ఏరాం.
నిగనిగలాడేవి అటు, మాసినవి ఇటు.
కరెంటు పోయింది.
దీపం వెలుగులో అన్నీ ఒకటే రంగు.
విసుగొచ్చి మొత్తం కుండలో పోసేశాను.

రాత్రి పదింటికి తిన్నాం,
దంచిన అక్రోటుతో చిక్కగా, తాండ్ర ముక్కతో పుల్లగా.
పంటికింద గట్టిగా తగిలినప్పుడల్లా
"ఇది పాతదమ్మా" అంటూ గోచా
పళ్లెం అంచుకి పెడుతున్నాడు.

నేను పెట్టలేదు.
ఆ యేడు విత్తింది జుంబెరు.
నమిలాను,
దవడ నొప్పెట్టేదాకా.