గాజులో కర్ఫ్యూ

తార్నాక గేటు దాటాక
పాత కెమిస్ట్రీ బిల్డింగ్ వెనక రేకుల షెడ్డు.
బోర్డు మీద పెయింటు రాలిపోయి
సగం పేరే మిగిలింది.
లోపల పెంటయ్య.
ముప్పై ఏడేళ్ళ ఆయన ఊపిరి
యూనివర్సిటీ అరల నిండా సీసాలై నిలబడి ఉంది.

నా పరిశోధన గాజు మీదే.
అది ఘనమో, దారి మధ్యలో ఆగిపోయిన ద్రవమో
పెద్దలింకా ఒక మాట మీదికి రాలేదు.
సాయంత్రం ఆరింటికి అమీర్‌పేట చౌరస్తాలో బండ్లలాగే అణువులు,
ఆగాలని ఎవరికీ ఉండదు, కదలడం ఎవరి వల్లా కాదు
అని రాస్తే
గైడు నవ్వి, ఉపమానం కొట్టేసి,
సమీకరణం ఉంచమన్నారు.

ఉంచాను. నూట పన్నెండో పేజీ.
దాన్ని పరీక్షించడానికి గాలి లేని పాత్ర కావాలి.
శూన్యం వెతుక్కుంటూ
ఊపిరి అమ్ముకునే మనిషి దగ్గరికి వెళ్ళాను.

నా బొమ్మను తలకిందులుగా పట్టుకుని చూశాడు.
"మూతి గింత సన్నగుంటే నిలవదు మేడమ్."
"లెక్క ప్రకారం నిలుస్తుంది."
"లెక్క నిలుస్తది. మూతి నిలవదు."

అయినా చేశాడు.
నీలం మంట గాజును తాకి పసుపుపచ్చగా ఎగిసింది.
నీళ్ళు పోసేటప్పుడు పసిబిడ్డ మెడ తిప్పినట్టు
గొట్టాన్ని తిప్పుతూనే ఉన్నాడు.
మెత్తబడ్డ చోటు తేనెలా జారబోయే ముందు
బుగ్గ కూడా నిండని చిన్న ఊదు.
ఎప్పుడు ఊదాలో ఎట్లా తెలుస్తుందని అడిగాను.
"బరువు మారుస్తది. చేతికి ఎరుకైతది."
రాసుకోబోయి, ఏ యూనిట్లలో రాయాలో తెలియక
పెన్ను మూశాను.

మూడు పాత్రలిచ్చాడు.
మూడోది ఒక రాత్రి, తాళం వేసిన అల్మారాలో
తనంతట తానే పగిలింది.
"ఎవరో తాకిన్రు" అన్నాడు.
ఎవరూ తాకలేదు.
ముక్కల్ని గుడ్డలో మూటగట్టుకుంటుంటే
ఆయన ముఖం చిన్నబోయింది.

మర్నాడు రెండు నల్లటి రేకులు తీసుకెళ్ళాను.
ఒకదానికొకటి అడ్డంగా పెడితే వెలుగు చచ్చిపోతుంది.
మధ్యలో గాజు పెడితే,
లోపల బిగుసుకున్నదేదైనా ఉంటే
రంగులై లేస్తుంది.
మిగిలిన రెండింట్లో ఒకదాన్ని పెట్టాం.
సన్నటి మూతి చుట్టూ ఆకుపచ్చ, ఊదా.
చాలాసేపు మాట్లాడలేదు పెంటయ్య.
నేనూ మాట్లాడలేదు. మూతి నాది.

తరవాత లేచి అరల్లోంచి పాతవన్నీ దించాడు.
ఒక్కొక్కటీ రేకుల మధ్య చీకటిగానే ఉండిపోయింది.
"ఏం కనబడ్తలేదేంది?"
"పని బాగుంటే ఏమీ కనబడదు."
"గదా!" అన్నాడు, మీసం కింద నవ్వు దాచుకుంటూ.

చివరికి, వంకర చెవి ఉన్న బుడ్డి ఒకటి.
దాని మెడలో నెమలికన్ను.
వేలు పెట్టి అక్కడే ఆగాడు.
"ఇది కర్ఫ్యూ నాడు చేసింది.
నాలుగింటికి బస్సులు బందన్నరు.
ఇల్లేమో ఉప్పుగూడ, పిల్లలు ఒక్కలే.
పొయ్యిల వెట్టి మెల్లగ సల్లార్సే తీరిక యాడిది?
బల్ల మీదనే ఇడిసి ఉరికిన."

నా సమీకరణంలో చల్లారే వేగానికి ఒక అక్షరం ఉంది.
ఆ వేగం వెనక చార్మినార్ దాకా
చెప్పులు చేతబట్టుకుని పరిగెత్తిన మనిషికి లేదు.

రేకులు రెండూ ఆయనే ఉంచుకున్నాడు.
ఇప్పుడు ప్రతి పాత్రనూ పొయ్యిలోంచి తీశాక
వాటి మధ్య పెట్టి చూస్తాడట,
రంగు కనిపిస్తే దాన్నే తిట్టి, మళ్ళీ కాకలోకి తోస్తాడట.

నేను నూట పన్నెండో పేజీ తీసి
మూతిని రెండు మిల్లీమీటర్లు లావు చేశాను.
పాత్ర నిలిచింది.
ఎందుకు నిలిచిందో
ఇంకా రాస్తున్నాను.