పుల్ల చూపిన చోట

ఎవరి కాలి మీద గొడ్డలి వాళ్ళే వేసుకోవడం
ఎక్కడైనా సామెత.
లెయిట్సాలో, మా ఇంట్లో, అది పని.

బీచ్ దుంగ మీదికెక్కి నిలబడతాడు తమ్ముడు ఒరోయిట్స్.
రెండు పాదాల నడుమ మూరెడు చెక్క.
ఆ మూరెడులోకే దిగాలి గొడ్డలి,
నిమిషానికి నలభైసార్లు.
నేను కింద నిలబడి హేజెల్ పుల్లతో చూపిస్తుంటాను
ఇక్కడ.
ఇక్కడ.
రవ్వంత ఇటు.
పుల్ల లేచిన చోట ఇనుము పడుతుంది.
అరచేతులంతేసి పేళ్ళు నా జుట్టులో చిక్కుకుంటాయి.
ఆదివారాలు చర్చి వెనక మైదానంలో
మా మీద పందేలు కాసేవాళ్ళు.
ఎంతసేపు పడుతుందని కాసేవారు గానీ
కాలు తెగుతుందా అని ఎవరూ కాయలేదు.

ఇరవై రెండేళ్ళు.
గోరు కూడా చెదరలేదు.
అప్పులవాడు ఇన్నాళ్ళూ తలుపు తట్టలేదు కదా,
అప్పే లేదనుకున్నాం.

"గొడ్డలికి మన వాసన తెలుసు" అనేవాడు నాన్న,
వైన్ గ్లాసు మూడు వేళ్ళతో పట్టుకుని.
మిగతా రెండూ రంపపు మిల్లు తీసుకుంది.
అది లెక్కలోకి రాదట. మిల్లు పరాయిది.

నవంబరులో, వాన వెలిసిన పూట, కొట్టం వెనక,
నేను చూపిన చోటే పడింది గొడ్డలి.
ఒట్టు, నేను చూపిన చోటే.
పాదమే అక్కడికి వచ్చింది.

శబ్దం మారలేదు. అదే నన్నిప్పటికీ నిద్రపోనివ్వదు:
చెక్కకీ వాడికీ ఒకటే చప్పుడు.
ఎవరిదో బూటు చూసినట్టు చూశాడు కిందికి.
"ఏం లేదు" అని ఇంకో రెండు దెబ్బలు వేశాడు కూడా.
మూడోదానికి ఎత్తినప్పుడు
దుంగ మీది తడి వానది కాదని
ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

పాంప్లోనా ఆసుపత్రిలో కుర్ర డాక్టరు అడిగాడు
ఇదే మొదటిసారా అని.
"మొదటిసారే" అన్నాడు వాడు,
పతకం చూపించినంత గర్వంగా,
రెండు వేళ్ళు పళ్ళెంలో ఉండగా.

అప్పుడు చెప్పలేదు నేను.
నాన్న పోయిన రోజు ఒళ్ళు కడిగింది నేనే.
ఎండాకాలంలో కూడా విప్పని ఉన్ని మేజోళ్ళు
కత్తెరతో కోసి తీశాను.
ఎడమ పిక్క మీద పాత మచ్చ, జానెడు.
దానికి అటూ ఇటూ కుట్టు గుర్తులు
వంకరగా, దగ్గర దగ్గరగా,
దిండు గలీబుల అంచుకి అమ్మ వేసే కుట్టే.
ఏ డాక్టరూ ఎరగడు. ఊరెరగదు.
వంటగదిలో, తలుపేసుకుని,
పళ్ళమధ్య గుడ్డ కుక్కుకుని
మా వంశానికి తగలదనే మాటని
ఇద్దరూ కలిసి కుట్టుకున్నారు.
నేను ఆ కాలిని దుప్పటితో కప్పేశాను.
కప్పి, మళ్ళీ పుల్ల పట్టుకున్నాను.

మార్చిలో చెప్పాను, ఊతకర్ర లేకుండా
వాడు మొదటిసారి కొట్టం దాకా నడిచిన రోజు.
చాలాసేపు ఏమీ అనలేదు,
గొడ్డలి అంచుని బొటనవేలితో చూసుకుంటూ.
"ఎన్ని కుట్లు?"
పదమూడు.
"నావి పదకొండే" అన్నాడు,
పందెంలో ఓడినవాడిలా నిట్టూర్చి.
నవ్వామో ఏమో. పేళ్ళ మీద వాన మొదలైంది.

ఇప్పుడు మళ్ళీ ఎక్కుతున్నాడు, చిన్న దుంగలే,
ఎడమకాలు కాస్త లోపలికి పెట్టి.
నేను పుల్ల దించే ముందు
పాదం వంక చూస్తాను.
పాదం, పుల్ల, చెక్క.
దెబ్బ దెబ్బకీ అరక్షణం ఆలస్యం.
పందెం కాసేవాళ్ళు గొణుగుతున్నారు
అక్క చెయ్యి మందగించిందని.